సాయంత్రం మొదటి చీటీ: పాల కేంద్రం ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం

తిరుపతిలో పొద్దున బస్సెక్కి చిత్తూరులో దిగి, కాణిపాకం దారిలో ఉన్న అక్కావాళ్ళ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. బావ పాల కేంద్రం నడుపుతాడు. రెండు పూటలా కలిపి నూటిరవై మంది దాకా పోస్తారు, చాలావరకు జెర్సీ ఆవు పాలే. ఇన్నేళ్ళూ లెక్కంతా పొడుగు పుస్తకంలోనే. పదిహేను రోజులకొకసారి బిల్లు వేసే రాత్రి అక్కా బావా క్యాలిక్యులేటరు పట్టుకుని కూర్చుంటే పడుకునేసరికి రెండవుతుంది. "కంప్యూటర్ పనే కదబ్బా నువ్వు చేసేది, దీనికేదన్నా చెయ్యరాదా" అని సంక్రాంతి నుంచి అడుగుతూ ఉన్నాడు.

సామాను: నా పాత ల్యాప్‌టాప్, అందులో డెబియన్ (ఆపరేటింగ్ సిస్టమ్), మరియాడీబీ (లెక్కలు దాచిపెట్టే డేటాబేస్ సర్వర్), పైథాన్ (ప్రోగ్రామ్ రాసే భాష), ఒక చిన్న థర్మల్ ప్రింటర్. ప్రోగ్రామ్ తిరుపతిలోనే రాసుకొచ్చాను. సభ్యుడి నంబరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం) కొడితే రేటు కట్టి చీటీ తీస్తుంది, డేటాబేస్‌లో ఒక వరస రాస్తుంది. అంతే. ఇందులో పోయేదేముంది అనుకున్నాను.

మొదటి అరగంట 1698 నంబరు ఎర్రర్‌తోనే పోయింది. పైథాన్ నుంచి రూట్ (అన్ని హక్కులూ ఉండే ఖాతా) పేరుతో లాగిన్ కాబోతే 'యాక్సెస్ డినైడ్'. పాస్‌వర్డ్ నాలుగుసార్లు మార్చి చూశాను. డెబియన్‌లో మరియాడీబీ రూట్ ఖాతా పాస్‌వర్డ్ చూసి తలుపు తీసేది కాదు, ఆ మెషిన్ మీద నిజంగా రూట్‌గా కూర్చున్నది ఎవరా అని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగి తీసేది. ఆ సంగతి గుర్తొచ్చాక ప్రోగ్రామ్‌కి వేరే యూజర్‌ని పెట్టి, ఈ ఒక్క డేటాబేస్‌లో చదవడం, రాయడం, దిద్దడం వరకే అనుమతి ఇచ్చాను. టేబుల్ తుడిచేసే హక్కు ఇవ్వలేదు. మామూలుగా ఏ ప్రోగ్రామ్‌కైనా అలాగే ఇవ్వాలి, నేనే బద్ధకించి రూట్‌తో మొదలుపెట్టాను.

ఆదివారం

రాత్రి ఉత్తుత్తి ఎంట్రీలు 14 కొట్టి పడుకున్నాను. స్క్రీన్ మీద పద్నాలుగూ కనిపించాయి. పొద్దున తెరిస్తే ఒక్కటీ లేదు. టేబుల్ ఖాళీ. కొత్తగా ఒకటి కొడితే దానికి వరస నంబరు 15 పడింది! అంటే 1 నుంచి 14 దాకా నంబర్లు ఖర్చయ్యాయి, వరసలు మాత్రం లేవు.

ఆ 15 చూడగానే విషయం అర్థమైంది. కమిట్, అంటే రాసింది ఖాయం చేయమని డేటాబేస్‌కి చెప్పే మాట, మరిచిపోయాను. డేటాబేస్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పద్ధతి ప్రకారం ఆటోకమిట్ (ప్రతిదీ తనంతట తానే ఖాయం కావడం) మొదట్లో ఆపేసే ఉంటుంది. కమిట్ అనేదాకా రాసినవన్నీ ఆ కనెక్షన్ ఒక్కదానికే కనిపిస్తాయి, అది మూసుకోగానే వెనక్కి పోతాయి. బ్యాంకులో ఫారం పూర్తి చేసి, కౌంటర్‌లో ఇవ్వకుండా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చినట్టు. టోకెన్ నంబరు మాత్రం చింపేశారు కాబట్టి అది మళ్ళీ రాదు. కమిట్ లైను చేర్చాను. బావకి ఇదంతా చెప్పలేదు.

బుధవారం ఒకటో తేదీ, కొత్త బిల్లు మొదలు. అన్నీ చూపించి సాయంత్రం బస్సుకి తిరుపతి వచ్చేశాను.

మంగళవారం, ఫోన్‌లో

ఆరున్నరకి బావ ఫోన్. వెనక జనం గోల వినిపిస్తోంది. "మూసుకుపోయింది రా. ఇరవై మంది నిలబడి ఉండారు."

కొత్త సభ్యుడి పేరు ఎక్కిస్తుంటే ప్రోగ్రామ్ చచ్చిపోయింది. ఎర్రర్ 1406, డేటా టూ లాంగ్. పేరుకి నేను 20 అక్షరాల చోటు పెట్టాను. ఇరవై చాలదా ఒక పేరుకి? వెంకటసుబ్రహ్మణ్యం అని రాసి చూడండి. వెం, క, ట, సు, బ్ర, హ్మ, ణ్యం. కంటికి ఏడు అక్షరాలు. డేటాబేస్ అలా లెక్కపెట్టదు. 'బ్ర' అంటే దానికి బ, పొల్లు, ర అని మూడు. 'ణ్యం' నాలుగు. గుణింతం గుర్తు వేరే, సున్నా వేరే. అన్నీ కలిపితే 17. ముందు 'కె' అన్న ఇంటిపేరు అక్షరం, దాని ఎత్వం, చుక్క, ఖాళీ కలిపి ఇంకో నాలుగు. మొత్తం 21. ఒక్కటంటే ఒక్కటి ఎక్కువై ఇరవై మందిని నిలబెట్టేసింది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి తెలుగు ఊరికి పంపితే ఇంతే మరి.

కాలమ్‌ని 100కి పెంచమని ఫోన్‌లోనే అక్కతో ఒక్కో అక్షరం చెప్పి టైప్ చేయించాను. తను కొట్టింది నేను కొట్టేదానికన్నా శుభ్రంగా ఉంది.

కానీ ఆ గోల చెవుల్లోంచి పోలేదు. మళ్ళీ క్యూ మధ్యలో ప్రోగ్రామ్ మూసుకుపోకూడదు, అదొక్కటే ధ్యాస. రాత్రి పదకొండుకి ఒక మార్పు చేసి పంపాను: సేవ్ చేసేటప్పుడు ఏ ఎర్రర్ వచ్చినా పట్టుకో, కనెక్షన్ కొత్తగా తెరువు, ముందుకి పో. నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్ల గురించి కిందంతా రాయబోతున్నాను కాబట్టి ఇక్కడ ఇంతే.

పదహారో తేదీ, గురువారం

పదిహేను రోజులు ఏ ఫోనూ రాలేదు. అంతా బాగుందనుకున్నాను. పొద్దున బిల్లులు ఇచ్చారు, మధ్యాహ్నానికి బావ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు పెద్దగా లేదు, అదే భయమేసింది.

ఊళ్ళో ఒక అవ్వ ఉంది. ఒకటే ఆవు. పూటకి మూడు, మూడున్నర లీటర్లు పోస్తుంది. సాయంత్రం నాలుగున్నరకి గేటు తీసేసరికి క్యానుతో మెట్టు మీద కూర్చుని ఉండే మొదటి మనిషి ఆవిడే. బిల్లులో ఆవిడకి 15 సాయంత్రాలకి గాను 4 సాయంత్రాలే ఉన్నాయట. పదకొండు పూటల పాలు లేవు. ఆవిడ కొంగు ముడి విప్పి చీటీలన్నీ బల్ల మీద పోసింది. "నేను పోసినా. మీ మిషనే ఇచ్చింది ఈ చీటీలు. నాకు సదువు రాదు, నువ్వు సదువు నాయనా" అంది.

చీటీలు ఉన్నాయి. వరసలు లేవు.

పదకొండు చీటీల మొత్తం 37.4 లీటర్లు, రూపాయల్లో పదమూడు వందల పైచిలుకు. రెండు చీటీలు చెమటకి, ఎండకి వెలిసిపోయి తెల్లకాగితాల్లా అయ్యాయి. థర్మల్ కాగితానికి సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుందంతే. బావ వాటిని వెలుతురులో పక్కకి వంచి పట్టుకుని చదివాడట. డబ్బు అప్పటికప్పుడే ఇచ్చేశాడు. కానీ ఆవిడ పోతూ పోతూ నలుగురిలో ఒక మాట అని పోయింది: "ఈ పొద్దు నుంచి నేను ముందు పొయ్యను. రెండో దాన్ని పోస్తా."

శనివారం, మళ్ళీ ఊళ్ళో

బస్సులో చంద్రగిరి దాటేలోపే మూడు అనుమానాలు రాసుకున్నాను. అవ్వ సభ్యత్వ నంబరు 7 కదా, బావ 07 అని కొడుతున్నాడేమో. లేదా అవ్వ పేరులోనే ఏదో ఉందేమో. లేదా ఎవరో ఒకరు తీసేస్తున్నారేమో (ఈ మూడోది రాసి కొట్టేశాను, సిగ్గేసి).

నేను వెళ్ళేసరికి నా పని సగం అవ్వే చేసి పెట్టింది. గురువారం సాయంత్రం నుంచి అన్నట్టుగానే రెండో మనిషిగా నిలబడుతోంది. ఆ రెండు సాయంత్రాలూ ఆవిడ ఎంట్రీ చక్కగా పడింది. పోయింది ఎవరిది? మొదట పోసిన పక్కింటి కుర్రాడిది. రెండు రోజులూ!

అంటే నంబరు కాదు, పేరు కాదు. సాయంత్రం మొదటి ఎంట్రీ ఎవరిదైతే వాళ్ళది పోతోంది. పొద్దున పూట ఎవరిదీ పోవట్లేదు. నేను ఉద్యోగంలో చూసిన పరీక్షల్లో ఇంత శుభ్రమైనది తక్కువ. అన్నీ అలాగే ఉంచి ఒక్కటే మార్చింది, తన చోటు.

మిగిలింది ఆ నాలుగు సాయంత్రాలు. అవ్వ మొదట పోసినా ఎంట్రీ పడిన రోజులు. ఆ రోజుల్లో ఏం జరిగిందని బావని కూర్చోబెట్టి అడిగాను. ఒక రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి అదీ ఆరిపోయింది, మళ్ళీ వేశారు. రెండు రోజులు ఎవరో మధ్యాహ్నం వచ్చి తమ లెక్క ఎంతయిందో చూడమంటే బావ స్క్రీన్ మీద తీసి చూపించాడు. నాలుగోది బావకి గుర్తు లేదు. టేబుల్‌లో చూస్తే, ఆ రోజు పొద్దున ఒకాయన ఆలస్యంగా 8:50కి పాలు తెచ్చాడు. మిగతా రోజుల్లో పొద్దున చివరి ఎంట్రీ ఎనిమిదిలోపే అయిపోయింది.

7:47 నుంచి సాయంత్రం 4:30 దాకా ఎంత? ఎనిమిది గంటల నలభైమూడు నిమిషాలు. 8:50 నుంచి అయితే ఏడు గంటల నలభై నిమిషాలు.

ఎనిమిది గంటలు. 28,800 సెకన్లు.

మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లోనూ, మరియాడీబీలోనూ 'వెయిట్ టైమౌట్' అని ఒక సెట్టింగ్ ఉంటుంది. కనెక్షన్ తెరిచి ఇన్ని సెకన్లు ఏమీ అడగకుండా ఉంటే సర్వర్ దాన్ని తనంతట తానే మూసేస్తుంది. మార్చకపోతే దాని విలువ సరిగ్గా 28,800. నా ప్రోగ్రామ్ పొద్దున ఐదున్నరకి తెరిచిన కనెక్షన్నే రాత్రి దాకా పట్టుకుని కూర్చుంటుంది. అవతలివాడు ఫోన్ పెట్టేసి గంట అవుతున్నా ఇవతల రిసీవర్ చెవికి పెట్టుకుని నిలబడినట్టు. మాట్లాడబోతేనే కదా తెలిసేది! సాయంత్రం మొదటి సేవ్‌కి ఎర్రర్ వచ్చేది, 'సర్వర్ హాజ్ గాన్ అవే', 2006 నంబరు. దాన్ని నా నాలుగు లైన్లు పట్టుకునేవి, కొత్త కనెక్షన్ తెరిచేవి, ముందుకి పోయేవి. ఆ ఎంట్రీని మళ్ళీ రాయాలన్న మాట అందులో లేదు. రెండో మనిషికి కనెక్షన్ తాజాగా ఉండేది. పొద్దున పూట బాధ లేకపోవడానికి కారణం, రాత్రి బావ ల్యాప్‌టాప్ కట్టేసి పొద్దున వేస్తాడు.

ఇదంతా ఊహే కదా, సర్వర్ ఏమంటుందో చూద్దామని లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తెరిచాను. మరియాడీబీ ఇలా తెగిన కనెక్షన్లని హెచ్చరికగా రాసిపెడుతుంది. ఉంది. 'అబార్టెడ్ కనెక్షన్', పక్కనే ప్రోగ్రామ్ యూజర్ పేరు, టైమౌట్ అయిందన్న కారణం. నిన్నటి సమయం మధ్యాహ్నం 3:47. నిన్న పొద్దున చివరి ఎంట్రీ 7:47. కింద అలాంటివే వరసగా, ఎంట్రీ పోయిన రోజుకొకటి. పదిహేను రోజులుగా సర్వర్ చెబుతూనే ఉంది. వినేవాణ్ణి నేను తిరుపతిలో ఉన్నాను.

శనివారం రాత్రి

కారణం తెలిసినంత మాత్రాన కాదు, కళ్ళ ముందు జరిపించి చూడాలి. ఎనిమిది గంటలు కాచుకోలేం కదా, గ్లోబల్ వెయిట్ టైమౌట్‌ని 30 సెకన్లు చేశాను. టెర్మినల్‌లో విలువ ఎంతుందని అడిగితే ఇంకా 28,800 అనే అంటోంది. పావుగంట దీనికి పోయింది. ఇక్కడ రెండు మెలికలు. మొదటిది, గ్లోబల్ మార్చినా అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లకి పాత విలువే ఉంటుంది. రెండోది, టెర్మినల్‌లో మనిషి కూర్చుని కొట్టే క్లయింట్‌కి వెయిట్ టైమౌట్ విలువ 'ఇంటరాక్టివ్ టైమౌట్' అనే ఇంకో సెట్టింగ్ నుంచి వస్తుంది, దానిదీ మామూలుగా 28,800. కాబట్టి బయటికెళ్ళి మళ్ళీ లాగిన్ అయినా అదే అంకె. ఇక్కడే మోసపోయి 'టైమౌట్ కాదులే' అని వదిలేసేవాళ్ళు ఉంటారు. విలువ గ్లోబల్‌దే అని విడిగా చెప్పి అడగాలి.

ప్రోగ్రామ్ ఆపి మళ్ళీ తెరిచాను. పక్క కిటికీలో ప్రాసెస్ జాబితా పెట్టుకుని సెకనుకొకసారి చూస్తున్నాను. నా కనెక్షన్ వరసలో 'స్లీప్' అని, పక్కన అంకె పెరుగుతోంది. 27. 28. 29. వరస మాయం. ప్రోగ్రామ్ కిటికీ మాత్రం ఏమీ ఎరగనట్టు, సభ్యుడి నంబరు కొట్టమని కర్సర్ ఆడిస్తూ కూర్చుంది. 7 కొట్టి, 3.4 లీటర్లు కొట్టి, ఎంటర్. చీటీ గరగరమని బయటికొచ్చింది. టేబుల్‌లో చూశాను. లేదు.

ఆ చీటీని చింపి జేబులో పెట్టుకున్నాను. తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్ 3.8, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.4, రూపాయలు, కింద ధన్యవాదాలు. ఒక అబద్ధాన్ని ఇంత నీట్‌గా ప్రింట్ చేసేలా రాశానా అనిపించింది.

ఆదివారం

టైమౌట్‌ని 24 గంటలకి పెంచితే ఒక్క లైనుతో అయిపోతుందని తెలుసు. బావ కూడా అదే అన్నాడు, "పెంచెయ్ పోనీ" అని. చేయలేదు. కనెక్షన్ తెగడానికి టైమౌట్ ఒక్కటే కారణం కాదు. అప్‌డేట్ పడి మధ్యాహ్నం సర్వీస్ రీస్టార్ట్ అయినా ఇదే జరుగుతుంది. తెగుతుందనే అనుకుని రాయాలి.

చేసినవి:

రోజంతా పట్టుకునే కనెక్షన్ తీసేశాను. ఎంట్రీకొక కనెక్షన్: తెరువు, రాయి, కమిట్, మూయి. ఒకే మెషిన్‌లో ఇది మిల్లీసెకన్ల పని, పూటకి అరవై ఎంట్రీలకి ఎవరికీ తెలియదు కూడా. రాసే ముందు పింగ్ చేసి (ఉన్నావా అని పలకరించి) తెగి ఉంటే మళ్ళీ కలుపుకునే పద్ధతి కూడా ఉంది, పైమైఎస్‌క్యూఎల్ అనే పైథాన్ లైబ్రరీలో ఒక్క పిలుపు. వెబ్‌సైట్ లాంటి ఒత్తిడి ఉంటే కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) వాడతారు. ఇక్కడ అవసరం లేదు.

ముందు సేవ్, ఆ తర్వాతే చీటీ. నేను మొదట చీటీ ముందు పెట్టింది ప్రింటర్ నెమ్మది కాబట్టి, అది కొట్టుకుంటుంటే ఈలోపు సేవ్ అయిపోతుందని. తెలివి! ఇప్పుడు కమిట్ అయిందన్న మాట వచ్చాకే కాగితం కదులుతుంది.

ఆ నాలుగు లైన్లు తీసేశాను. కనెక్షన్ తప్పు వస్తే ఫైల్‌లో రాయి, ఒకసారి మళ్ళీ ప్రయత్నించు, రెండోసారీ రాకపోతే స్క్రీన్ ఎర్రగా చేసి తెలుగులో చెప్పు. వేరే ఏ ఎర్రర్ అయినా సరే, దాచకు.

మళ్ళీ ప్రయత్నించడంలో ఒక చిక్కు ఉంది, దాని దగ్గర గంట కూర్చున్నాను. కమిట్ పంపాక జవాబు వచ్చేలోపు కనెక్షన్ తెగితే? రాసిందో లేదో తెలియదు. మళ్ళీ రాస్తే అవ్వ పాలు రెండుసార్లు పడొచ్చు, ఈసారి బావకి నష్టం. తేదీ, పూట, సభ్యుడి నంబరు కలిపి ఒకటే ఉండాలని యునీక్ కీ పెడదామనుకున్నా. అక్క నవ్వింది. "ఒక్కో ఇంట్లోంచి అమ్మ ఒక క్యాను, కొడుకు ఒక క్యాను తెస్తారు. రెండూ ఒకే నంబరు మీదే." ప్రోగ్రామ్ రాసేవాడికి ఇది ఎక్కడ తెలుస్తుంది! చివరికి చీటీ నంబరునే యునీక్ చేశాను. సేవ్‌కి ముందే ప్రోగ్రామ్ చీటీ నంబరు ఖాయం చేసుకుంటుంది, మళ్ళీ రాసినా అదే నంబరుతో రాస్తుంది. రెండోసారి 1062 ఎర్రర్, అంటే డూప్లికేట్ ఎంట్రీ అని వస్తే, మొదటిసారే పడిందన్నమాట. ఆ ఒక్క ఎర్రర్‌ని మాత్రం మంచివార్తగా తీసుకోమని రాశాను.

మధ్యాహ్నం పరీక్ష. మరియాడీబీ సర్వీస్ ఆపేసి ఎంట్రీ కొట్టాను. స్క్రీన్ ఎర్రబడింది, చీటీ రాలేదు. బావకి ఇది నచ్చలేదు. "చీటీ రాకపోతే జనం నన్ను తింటారు. ముందు చీటీ రానీ, లెక్క తర్వాత చూసుకుందాం." ఆ తర్వాత చూసుకుందాం అనేదే పదకొండు పూటలు అయింది బావా అన్నాను. ఇద్దరం ఒప్పుకున్నది: స్క్రీన్ ఎర్రబడితే పొడుగు పుస్తకం తీసి పెన్నుతో రాస్తాడు, సంతకం చేసి చేతి చీటీ ఇస్తాడు, బాగయ్యాక ఎక్కిస్తాడు. పుస్తకం బల్ల సొరుగులోనే ఉంది, తీసి పైన పెట్టాడు. నన్ను పూర్తిగా నమ్మే ఉద్దేశం లేదని తెలిసింది. తప్పేమీ లేదు.

అవ్వ 11 ఎంట్రీలు, కుర్రాడి రెండు, చీటీలు చూసి చేత్తో ఎక్కించాను. వాటికి విడిగా ఒక గుర్తు పెట్టాను, తర్వాత ఎవరైనా అడిగితే ఇవి ఎందుకు వేరేగా ఉన్నాయో కనబడాలని.

సాయంత్రం గేటు తీసేసరికి గోడ మీద నలుగురు, మెట్టు ఖాళీ. అవ్వ రెండో చోటు కాచుకుని ఉంది, కుర్రాడు మూడో చోటు. మొదట ఎవరూ ముందుకి రారు. ఇప్పుడు బాగుందవ్వా, నేనే ఉండి చూస్తున్నా రా అన్నాను. "నువ్వు పొయ్యి నాయనా ముందు" అంది. నాకు ఆవు ఎక్కడిది? అక్క లోపలికెళ్ళి ఇంట్లో పాల క్యాను తెచ్చి తూకానికి పెట్టింది. 4:32. సేవ్. తర్వాత చీటీ. అవ్వ స్క్రీన్ కేసి కాదు, నా మొహం కేసి చూస్తోంది.

తర్వాతి శుక్రవారం, ఫోన్‌లో

ఐదు రోజులు, ఒక్క ఎంట్రీ పోలేదు. ఎర్రర్ ఫైల్‌లో ఒకే లైను: బుధవారం మధ్యాహ్నం అప్‌డేట్ పడి సర్వీస్ రీస్టార్ట్ అయ్యే క్షణంలో బావ ఎవరిదో లెక్క తీయబోయాడు, రెండో ప్రయత్నానికి వచ్చింది. చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. రోజూ రాత్రి బ్యాకప్ పెన్‌డ్రైవ్‌కి తీయాలి, రేటు మారినప్పుడు పాత బిల్లులు మారకుండా చూడాలి, ల్యాప్‌టాప్ బ్యాటరీ కొనాలి.

సాయంత్రం మొదటి ఎంట్రీ ఎవరిదని బావని అడిగాను. ఇప్పటికీ అక్కదేనట.